ఒక్క పిల్ల క్లాసు, ఒక చేపల తొట్టి

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు నన్ను కలిసినప్పుడు ఎక్కువమంది ఒకటే అడుగుతారు: క్లాసు నిండా పిల్లలుంటే అదుపు చేయడం ఎట్లా మేడం అని. నాకు తెలిసిన ఉపాయాలు చెప్పి పంపిస్తాను. అయితే నా ఉద్యోగంలో నేను పడ్డ అసలు ఇబ్బంది అది కాదు. చివర్లో మూడేళ్ళ పాటు నా క్లాసులో ఒక్కతే పిల్ల. ఒక్కతే ఉన్న క్లాసును ఎట్లా నడపాలో ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. మీకు కూడా చెప్పరు కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను.

నేను బాటనీ చెప్పేదాన్ని. సొంతూరు చొప్పదండి. సర్వీసంతా కరీంనగర్ చుట్టుపక్కలే గడిచింది. మా ఆయన పోయిన మరుసటి ఏడాది ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అయింది. మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరలో ఒక చిన్న ఊరు, అందులో ఒక చిన్న డిగ్రీ కాలేజీ. ఈ వయసులో అంత దూరమా అని అందరూ జాలిపడ్డారు. మాకు పిల్లలు లేరు. చొప్పదండిలో ఉన్నా రాత్రి అన్నానికి ఒక గిన్నే, అక్కడున్నా ఒక గిన్నే. పెద్దగా ఆలోచించకుండా పెట్టె సర్దుకున్నాను.

విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణం పైన ఒక గది దొరికింది. తలుపు మూసుకున్నా మందుల వాసన వచ్చేది. తోటి లెక్చరర్లందరూ ఆదిలాబాద్‌లో ఉండి బస్సులో వచ్చిపోయేవాళ్ళు. సాయంత్రం బస్సు వాళ్ళను తీసుకుని పోయాక ఆ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. బజారులో సగం మాటలు మరాఠీ. ఉల్లిగడ్డలు అడిగినా రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది.

బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిసిన బీజెడ్సీ గ్రూపులో ఆ ఏడాది ముగ్గురు చేరారు; పై క్లాసుల్లో అప్పటికే ఎవరూ లేరు. నెల తిరగకముందే ఒకరికి నర్సింగులో సీటు వచ్చింది, ఇంకొకరు పాలిటెక్నిక్‌కు పోయారు. మిగిలింది ఒక్క అమ్మాయి. సన్నగా ఉండేది. రెండు జడలు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కెమిస్ట్రీకి ఆమెను ఎంపీసీ పిల్లలతో కలిపి కూర్చోబెట్టేవాళ్ళు. బాటనీకి, జువాలజీకి మాత్రం ఒంటరిదే.

మొదటి రోజులు నాకు నవ్వూ వచ్చేది, దిగులూ వేసేది. హాజరు పిలవాలా వద్దా? పిలిస్తే ఒకే పేరు. ఆమెకు జ్వరం వస్తే క్లాసు మొత్తం గైర్హాజరే. నేను బోర్డు దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ వెనక బెంచీలకు కూడా వినబడేటట్టు గొంతు పెంచి చెప్పేదాన్ని. ఆమె మూడో బెంచీలో కూర్చుని తల ఊపేది. కొన్నాళ్ళకు నేనే కుర్చీ లాక్కుని ఆమె బెంచీ ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు మొదటిసారి నోరు తెరిచింది.

"బాయీ, మీరు చెప్పేది నాకు సగమే సమజైతుంది."

అన్న వెంటనే నాలుక కరుచుకుని "మేడం" అని దిద్దుకుంది. వాళ్ళ ఊళ్ళో మరాఠీ బడి. అక్కడ పంతులమ్మను బాయి అంటారు. పదో తరగతి దాకా మరాఠీలో చదివి, ఇంటర్‌లో తెలుగులో పడి, డిగ్రీలో ఇంగ్లీషులో మునిగింది ఆ పిల్ల. "బాయి అనే పిలువు బిడ్డా, మంచిగనే ఉంది" అన్నాను. చాలా రోజుల తర్వాత నన్ను హోదాతో కాక ఇంకో మాటతో పిలిచిన మనిషి ఆమె.

మా ప్రిన్సిపాల్ కామర్స్ మనిషి. మంచివాడే, కానీ పైనుంచి ఫోను వస్తే చెమటలు పట్టేవి. ఒకరోజు నన్ను పిలిచాడు. "మేడం, ఒక్క పిల్ల కోసం గ్రూపు నడుపుతున్నమంటే పైనోళ్ళు ఊకోరు. ఆ పిల్లకు జర చెప్పుండ్రి, ఆర్ట్స్‌ల చేరమనుండ్రి. అండ్ల దోస్తులు కూడ ఉంటరు."

నేను చెప్పాను. ఆమె నేల చూస్తూ విన్నది. "నేను మార" అంది, అంతే. ఎందుకని అడిగితే చెప్పింది.

"మా ఊర్ల అంత పత్తే బాయీ. కొత్తిమీర గావాలన్నా అంగడిదాక పోవాలె. వానకాలం పెన్‌గంగ పొంగుతే చేన్లు మునుగుతయి, ఎండకాలం బోర్ల నీళ్ళు రావు. మన్ను లేకుండ, జరన్ని నీళ్ళతోని, చేపల తొట్టి మీద కూరాకు పండిస్తరని ఫోన్ల చూసిన. అది నేను చేసి చూడాలె. ఆర్ట్స్‌ల అది ఉంటదా?"

ఉండదని ఒప్పుకున్నాను.

తొట్టి వెతకాల్సిన పని లేకుండా పోయింది. ప్రిన్సిపాల్ గదిలో ఎవరో దాత ఇచ్చిన పెద్ద గాజు తొట్టి ఉండేది. అందులో చేపలు ఎప్పుడో చచ్చిపోతే పాత జవాబు పత్రాల కట్టలు నింపారు. వాటిని బీరువాలోకి చేర్చి, తొట్టిని మా ల్యాబ్‌కు మోయించుకున్నాం. దాని మీద అడ్డంగా ఒక ప్లాస్టిక్ టబ్బు, టబ్బు నిండా గులకరాళ్ళు. చిన్న మోటారు తొట్టిలో నీళ్ళను పైకి తోడుతుంది. నీళ్ళు రాళ్ళలోంచి, మొక్కల వేళ్ళలోంచి జారి మళ్ళీ తొట్టిలో పడతాయి. చేపల వ్యర్థమే మొక్కలకు ఎరువు. చెప్పుకోవడానికి అంతే.

మా జువాలజీ సారు కుర్రవాడు, కరీంనగర్ మనిషి. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు అక్కడే ఉండేవాళ్ళు. శుక్రవారం వచ్చిందంటే ఆయన కళ్ళు బస్టాండు వైపే. తొట్టి చూసి నవ్వాడు. "అక్కా, చేపలు నాయి, మొక్కలు మీయి. నడుమ నీళ్ళు ఎవలియి?"

తమాషాకు అన్నాడు గానీ మేము దెబ్బతిన్నది అక్కడే. ఆదిలాబాద్ నుంచి ఎర్ర బంగారు చేపలు తెచ్చి వేస్తే వారం కాకముందే వెల్లకిలా తేలాయి. కుళాయి నీళ్ళలో బ్లీచింగు ఉందని తెలిసి, నీళ్ళను బకెట్లలో ఆరబెట్టి మళ్ళీ వేశాం. అవీ చచ్చాయి. ఆ అమ్మాయి ఏడవలేదు. చచ్చిన చేపలను కాగితంలో చుట్టి కాలేజీ వెనక వేపచెట్టు మొదట్లో పూడ్చేది. అప్పుడప్పుడు మరాఠీలో తనలో తాను ఏదో అనుకునేది. నాకు అర్థమయ్యేది కాదు, అడగలేదు.

చివరికి జువాలజీ సారుకే పట్టుదల పుట్టింది. ఒక శుక్రవారం బస్సు వదిలేసి మాతో కూర్చున్నాడు. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియా చేపలకే విషం. కంటికి కనబడని సూక్ష్మజీవులు రాళ్ళకు పట్టి ఆ విషాన్ని మొక్కలు తినే ఎరువుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో అవి ఉండవు. వాటంతట అవి రావాలి, పెరగాలి. "మనం చెయ్యాల్సింది ఏం లేదమ్మా. ఆగుడే" అన్నాడు. సోమవారం వస్తూ చెరువు తూము దగ్గరి నాచుపట్టిన రాళ్ళు గుప్పెడు, ఊళ్ళో జిలేబీలంటారే, ఆ మొండి చేప పిల్లలు కొన్ని తెచ్చాడు.

ఆగడం మొదలైంది. ఆమె రోజూ పొద్దున నాకంటే ముందే ల్యాబ్‌లో ఉండేది. నేను కాలేజీ అయిపోయినా గదికి పోబుద్ధి కాక అక్కడే కూర్చునేదాన్ని. ఇద్దరం తొట్టికి చెరోవైపు. మోటారు చప్పుడు, నీళ్ళు జారే చప్పుడు. ఒక్కోరోజు ఒక్క మాట కూడా అనుకునేవాళ్ళం కాదు. ఆ మౌనంలో నాకు ఇంటి మౌనంలోని బరువు ఉండేది కాదు. చలికాలం వచ్చింది. ఆదిలాబాద్ చలి సంగతి మీకు తెలుసు, ఎముకల్లోకి దిగుతుంది. చేపలు కదలకుండా అడుగున పడి ఉంటే ఆమె హాస్టల్ నుంచి తన గొంగడి తెచ్చి తొట్టికి చుట్టింది. "మరి నీకో?" అంటే, "నేను దోస్తుతోని పంటున్న" అంది. ఆమెకు దోస్తు ఉందని నేను విన్నది అప్పుడే. అది అబద్ధమని తర్వాత హాస్టల్ వార్డెన్ చెప్పింది. మరునాడు నా గదిలోంచి ఒక రగ్గు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

రాళ్ళ మీద గోధుమరంగు జిగురు పట్టింది. చేతికి అసహ్యంగా తగిలేది. దాన్ని చూసి జువాలజీ సారు పెళ్ళిలో మగపెళ్ళివాడిలాగా సంబరపడ్డాడు. "వచ్చినయి అక్కా, మన చుట్టాలు వచ్చినయి!" చేపలు నిలబడ్డాయి. పుదీన కాడలు గుచ్చితే వారంలో వేళ్ళు వేశాయి. పాలకూర మాత్రం పసుపుపచ్చగా పాలిపోయింది. అది నా శాఖ. ఇనుము తక్కువైందని కనిపెట్టి కొద్దిగా మందు కలిపించాను. ఆకు మళ్ళీ పచ్చబడిన రోజున ఆ అమ్మాయి పళ్ళు కనబడేటట్టు నవ్వింది. ముందు పన్ను ఒకటి వంకరగా ఉందని నేను చూసింది ఆ రోజే.

అప్పుడే కబురొచ్చింది. పిల్లలు తక్కువున్న గ్రూపుల సంగతి తేల్చడానికి ఒక కమిటీ కాలేజీలు తిరుగుతోందని, మా దగ్గరికీ వస్తుందని. ప్రిన్సిపాల్ మొదటిసారి తొట్టి దగ్గరికి వచ్చి ఆసక్తిగా చూశాడు. "మేడం, ఇదే చూపిద్దాం. గిసొంటిది ఏ కాలేజీల లేదు. ఒక్క పిల్ల అయినా పని జేస్తుంది చూడుండ్రి అందాం." నాకూ ఆశ పుట్టింది. ఆ పిల్ల రోజూ అద్దం ముందు తెలుగులో చెప్పుకుని నేర్చుకుంటోందని వార్డెన్ చెప్పింది.

కమిటీ వచ్చే ముందు రెండు రోజులు సెలవులు పడ్డాయి. ఆ రోజుల్లోనే మా ఆయన సంవత్సరీకం. నేను ధర్మపురి పోయాను. గోదావరి ఒడ్డున అయ్యగారు మంత్రాలు చదువుతుంటే నీళ్ళలో చేపలు పిండాల మెతుకుల కోసం గుమిగూడాయి. తొట్టిలో ప్రతి చేపకూ పేరు పెట్టిన ఆ పిల్ల చూస్తే వీటికి ఏం పేరు పెట్టేదో అనుకున్నాను. ఆమె కూడా ఊరికి పోయింది. మేత వేయమని, ఇంకేమీ ముట్టవద్దని స్వీపరమ్మకు చెప్పి పోయాం.

కమిటీకి ఒకరోజు ముందు ఇద్దరం తిరిగి వచ్చి ల్యాబ్ తలుపు తీస్తే లోపలంతా మెరుస్తోంది. బల్లలు తుడిచారు, కిటికీలు కడిగారు. గాజు తొట్టి కొత్తదానిలాగా తళతళలాడుతోంది. టబ్బులో గులకరాళ్ళు తెల్లగా, ముత్యాల్లాగా ఉన్నాయి. బ్లీచింగు వాసన గుప్పుమంది. చేపలు నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

కమిటీ వస్తుంది, కాలేజీ అద్దంలాగా ఉండాలని ప్రిన్సిపాల్ అందరికీ చెప్పాడు. స్వీపరమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. ఆమెకు ఆ పిల్లంటే ఇష్టం. పెద్దసార్ల ముందు జిగురు రాళ్ళతో ఆ పిల్ల పరువు పోవద్దని, సెలవు రోజు వచ్చి, రాళ్ళన్నీ తీసి, బ్లీచింగు పొడితో ఒక్కొక్కటీ రుద్ది, కొత్త నీళ్ళు నింపింది. మమ్మల్ని చూసి చేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చింది. "ఎట్లుంది మేడం? మస్తు మురికుండె. చేతులు మండినయి."

ఆ అమ్మాయి తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి లేచి స్వీపరమ్మ చేతులు పట్టుకుని చూసింది. వేళ్ళు చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. "కొబ్బరినూనె రాయి మావుశీ" అంది. మావుశీ అంటే వాళ్ళ భాషలో పిన్ని.

జువాలజీ సారు ఉన్న చేపల్ని బకెట్లలోకి మార్చాడు, నీళ్ళు మార్చాడు. ఏం చేసినా నిలవలేదు. పొద్దునకు అన్నీ పోయాయి. అదే రోజు కమిటీ.

"బస్సుకు పోయి ఆదిలాబాద్‌ల గసొంటివే కొనుక్కొస్త. మధ్యాహ్నందాక బతుకుతే చాలు గద. ఎవలకు తెలుస్తది?" అన్నాడు సారు. ఆయన ఆ పిల్ల మీద ప్రేమతోనే అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అవి సుత సస్తయి సార్. తెలిసి తెలిసి ఎందుకు సంపాలె?"

కమిటీలో ముగ్గురు వచ్చారు. పెద్దాయన తల నెరిసినవాడు, మోకాళ్ళ నొప్పుల మనిషి, కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ తొట్టి, తెల్లటి రాళ్ళు, వాలిపోయిన పుదీన చూశాడు. "ఇదేనా మీరు చెప్పిన ప్రయోగం? చేపలేవమ్మా?"

"చచ్చిపోయినయి సార్."

ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. బంగారు చేపల నుంచి మొదలుపెట్టి, ఆరబెట్టిన నీళ్ళు, చెరువు రాళ్ళు, చలి, పసుపు పాలకూర, అన్నీ. తెలుగు రానిచోట మరాఠీ వేసింది, అదీ చాలనిచోట చేతులతో చూపించింది. అద్దం ముందు నేర్చుకున్నదంతా బతికున్న తొట్టి కోసం నేర్చుకున్నది. ఇది అప్పటికప్పుడు కట్టుకున్న మాట. మధ్యలో ఒకసారి ఆగి నావైపు చూసింది. నేను తల ఊపాను.

"మరి అంత మంచిగ నడుస్తున్నదాన్ని ఎవరు కడిగిండ్రు?" అని అడిగాడు పెద్దాయన.

స్వీపరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"మేమే కడిగినం సార్. మీరు వస్తున్నరని, సాఫ్ కనబడాలెనని" అంది ఆ పిల్ల. "సాఫ్ చేస్తే ఏమైతదో తెల్వకుండె. ఇప్పుడు తెల్సింది."

"మళ్ళ చేస్తవా?"

"చేస్త. ఆగాలె సార్, జల్దీ కాదు."

పెద్దాయన ఆ రాళ్ళను చూశాడు. ఒకటి తీసి చేతిలో తిప్పి మళ్ళీ పెట్టాడు. పోయేటప్పుడు వరండాలో మాతో అన్నాడు: "పిల్ల బంగారం. నా సర్వీసుల గింత మంచిగ చెప్పినోళ్ళను తక్కువ చూసిన. కానీ ఒక్క పిల్లకు ఇద్దరు లెక్చరర్లంటే నేనేం రాయాలె మేడం, మీరే చెప్పుండ్రి."

గ్రూపు మూసేశారు. కొత్త అడ్మిషన్లు లేవు. ఉన్న పిల్ల పూర్తి చేసుకోవచ్చు, లేదా ఇంకో గ్రూపుకు మారవచ్చు. లెక్చరర్లు కావాలంటే ఖాళీలున్న చోటికి పోవచ్చు. జువాలజీ సారుకు కరీంనగర్‌లోనే దొరికింది. పోయేరోజు ల్యాబ్‌లో అటూ ఇటూ తిరిగాడు. "అక్కా, నా పాఠాలు శనివారం ఫోన్ల చెప్త. ప్రాక్టికల్స్‌కు నేనే వస్త" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. చిన్నపిల్లల తండ్రి, ఆయన్ని తప్పు పట్టే మాట నా నోట రాలేదు.

నాకూ కరీంనగర్‌లో ఖాళీ ఉందని ప్రిన్సిపాల్ చెప్పాడు. "రాయుండ్రి మేడం, వారంల పంపిస్తరు." ఆ మాట ఎట్లా తెలిసిందో, రెండు రోజులకు ఆ పిల్ల ఆర్ట్స్ లెక్చరర్ దగ్గర పుస్తకాలు అడుగుతోందని విన్నాను. పిలిచి అడిగాను.

"ఏందిది?"

"నేను మారుతే మీరు పోవచ్చు గద బాయీ. నా వల్ల ఈడ ఎందుకుండాలె?"

"పోతే అక్కడ నాకోసం ఎవలున్నరు బిడ్డా?" అన్నాను. అది ఆమెను ఊరడించడానికి అన్నది కాదు. నోట్లోంచి వచ్చాక ఆ మాట నిజమేనని నాకే తెలిసింది. "అయితే సరే" అని ఆమె పోయి టబ్బులో రాళ్ళు కడగడం మొదలుపెట్టింది, ఈసారి బ్లీచింగు పోవడానికి.

నేను అక్కడే ఉండిపోవడాన్ని త్యాగమని రిటైర్మెంటు సభలో ఎవరో అన్నారు. కాదండీ. నాకు ఆ ల్యాబ్ తప్ప వేరే కూర్చునే చోటు లేదు.

తర్వాతి రెండేళ్ళు తొందరగా చెప్పేస్తాను, చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు కాబట్టి. రాళ్ళకు మళ్ళీ జిగురు పట్టింది. చేపలు బతికాయి. స్వీపరమ్మ ఆ గదికి చీపురు కూడా వేరే పెట్టింది, లోపలికి వచ్చేవాళ్ళను చేతులు కడుక్కోమనేది. పుదీన, పాలకూర హాస్టల్ వంటకు పోయేవి. పక్క గదుల్లో పిల్లల గోల వినబడుతుంటే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని పాఠం నడిపేవాళ్ళం. కొన్నిసార్లు ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. నాకు మరాఠీ కొంత వచ్చింది. బజారులో ఉల్లిగడ్డలు ఒక్కసారి అడిగితే ఇచ్చేవాళ్ళు.

ఆమె డిగ్రీ పాసైంది. పీజీలో సీటు వచ్చి దూరంగా ఒక పెద్ద యూనివర్సిటీకి పోయింది. నా రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలున్నాయి. ఆ నెలలు నా క్లాసులో ఎవరూ లేరు. రోజూ పోయి సంతకం పెట్టి, చేపలకు మేత వేసి, మూడో బెంచీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని వచ్చేదాన్ని. ఒక్క పిల్ల క్లాసు కష్టమని మొదట రాశాను. ఎవరూ లేని క్లాసు ఎట్లుంటుందో రాయడం నాకు చేతకాదు, వదిలేస్తున్నాను.

రిటైరై చొప్పదండికి వచ్చాక ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది. తిన్నావా, పడుకున్నావా అని ఏవేవో అడిగాను. అన్నిటికీ ఊ అంది. చివరికి అసలు సంగతి చెప్పింది.

"ఈడ క్లాసు నిండ ఉన్నరు బాయీ. సారు అడుగుతడు, నాకు జవాబు వస్తది. నేను నోరు తెరిసేసరికి ఇంకెవలో చెప్తరు. నెల రోజులాయె, సారుకు నా పేరు తెల్వది. గంత మందిల ఒక్కదాన్నే అయిన."

బోలెడు మంచి మాటలు నోటిదాకా వచ్చాయి. సర్వీసంతా పిల్లలకు చెప్పినవే. అవేవీ చెప్పబుద్ధి కాలేదు.

"చెయ్యి ఎత్తు" అన్నాను. "ఎవలు చెప్పినా సరే, నీ వంతు వచ్చేదాక దించకు. చెయ్యి నొచ్చినా దించకు."

"మరాఠీ వస్తది బాయీ నడుమ నడుమ. నవ్వుతరు."

"రానియ్యి."

అటువైపు పిల్లలు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది. "క్లాసుంది, పోతున్న" అని పెట్టేసింది.

ఆ రోజు ఫోను చేతిలో పెట్టుకునే ఇల్లంతా తిరిగాను. వంటింట్లోకి, పెరట్లోకి, నీళ్ళ దగ్గరికి. సాయంత్రమైంది, మోగలేదు. ఆ వారమంతా మోగలేదు. క్లాసులో చెయ్యి ఎత్తుకుని కూర్చున్న పిల్లకు ఫోను చేయడానికి తీరిక ఎక్కడుంటుందని సర్దిచెప్పుకుని, ఒక గిన్నె బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.